ఐదింటి చీడికాడ బస్సు

హారర్ సినిమాకీ థ్రిల్లర్‌కీ తేడా ఏమిటని ఎవరైనా వాదించుకుంటుంటే నాకు చీడికాడ బస్సు గుర్తొస్తుంది. చోడవరం కాలేజీలో నా స్నేహితురాలిది ఆ ఊరే. మ్యాటినీకి వచ్చేది గానీ, ఐదింటి బస్సు కోసం చివరి పావుగంట ఉండగానే లేచిపోయేది. నాకు ఒళ్లు మండేది.

దెయ్యం సినిమా అయితే నవ్వుతూ వెళ్లేది. "బయపడ్డానికే కదే వచ్చేం, బయపడిపోయేం" అనేది. థ్రిల్లరైతే తలుపు దగ్గర ఆగి, తెర మీంచి చూపు తిప్పుకోలేక, "ఒసే, సంపినోడెవడో రేపు నువ్వే సెప్పాలి" అనేది. మర్నాడు బస్సు దిగుతూనే నా చెయ్యి పట్టుకునేది. నేను కావాలనే నాన్చేదాన్ని.

ఆఖరి పరీక్ష రాసిన రోజు కూడా థ్రిల్లరే చూశాం. ఆమె ఎప్పటిలాగే లేచి, "రేపు సెప్పు" అని పరిగెత్తింది. నేనూ సరేనన్నాను. మర్నాటి నుంచి కాలేజీ లేదన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. మళ్లీ కలవనే లేదు.

ఆ సినిమా ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతోంది. ఆమె ఇంకా చూడలేదనే అనుకుంటున్నాను. చూసేసి ఉంటే మాత్రం క్షమించను.