రెజ్ తెచ్చిన మాంసం

టాస్మేనియాలో చుక్కల క్వోల్‌లను పెంచి అడవిలోకి వదిలే చిన్న పార్కులో వెర్నాది ఇరవై ఏళ్ల కొలువు. పిల్లి అంత ఉండే ఆ వేట జంతువులు తన కోళ్లను తినేస్తున్నాయని ఏడాదిగా తిట్టిపోస్తున్న పక్క పొలం రెజ్, ఒక ఉదయం చిన్న కంగారూలాంటి వాలబీ మాంసం సంచెడు తెచ్చాడు.

"నీ కూనలకే వెర్నా. కోళ్లను తిన్నది అవి కావు, ఈ దొంగవెధవే" అంటూ తన కుక్కను చూపించాడు.

"ఇంత ప్రేమా! ఏం కలిపావ్? ముందు దానికో ముక్క వెయ్."

రెజ్ ముఖం మాడ్చుకుని వేశాడు. కుక్క గుటుక్కున మింగింది. అయినా వెర్నా సంచిని ఫ్రిజ్‌లో దాచేసింది. మర్నాడు కంచె అవతల కుక్క గంతులేస్తుంటే చూసి సిగ్గుపడి, మాంసం క్వోల్‌లకు పెట్టింది. అవి తిన్నంతసేపూ మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు.