కిటికీ లేని ఓడ గది

ఆ రోజుల్లో నాకంటే ఎక్కువ తిరిగినవాడు ఎవడైనా ఉన్నాడంటే అది సూర్యుడొక్కడేనని నా గట్టి నమ్మకం. ఇచ్చోడ దాటాక వచ్చే మలుపుల్లో బస్సంతా వాంతులు చేసుకుంటుంటే తాపీగా పల్లీలు నమిలినవాణ్ణి. కాగజ్‌నగర్‌లో రైలు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి ఆరుగురికి సీట్లు పట్టినవాణ్ణి (నలుగురికేనని గిట్టనివాళ్లంటారు). అందుకే, ముప్పయ్యేళ్లు బొగ్గుబాయిలో మొదటి షిఫ్టు చేసి రిటైరైన బాపు, "ఒక్కపాలి సముద్రం మీద పొద్దు పొడుసుడు సూడాలెరా. నా నౌకరంత పొద్దుగాలనే భూమిలకు దిగుడైంది" అనగానే, ఎవర్నీ సలహా అడక్కుండా ముంబయి నుంచి మూడు రోజుల ఓడ ప్రయాణానికి టికెట్లు తీశాను.

ఓడ ఖానాపూర్ ఊరంత ఉంది. మా గది మాత్రం అవ్వ (అంటే మా అమ్మ) పోపులపెట్టెలో ఆవాల గిన్నెంత. అట్టడుగున, నట్టనడుమ, కిటికీ అన్నదే లేదు. బస్సులో వెనక సీటు ఎగరేస్తుంది కాబట్టి ఓడలోనూ నడుమైతే కుదుపుండదని నేనే ఏరికోరి తీసుకున్న గది అది. బాపు చేతికర్రతో పైకప్పును టకటకా తట్టి, చెవి ఒగ్గి విన్నాడు (బాయిలో కప్పు కూలుతుందో లేదో అలాగే చూసేవారట).

"కప్పు గట్టిగనే ఉన్నది. గని, నన్ను మళ్ల బాయిలకే దించినవ్ గదరా!"

"ఫికర్ జెయ్యకు బాపూ, రేపు పొద్దుగాల పైకి తీస్కపోత."

రెండు రోజులూ ఒకటే వాన. పై అంతస్తు మూసేశారు. అక్కడి కుర్చీల మీద ముందుచూపుతో నేను పరిచిన తువ్వాళ్లను పనివాళ్లు ఉతకడానికి పట్టుకుపోయారు. బాపు అవ్వ కట్టిచ్చిన సకినాలు కొరుకుతూ, "బాయిల గూడ గిట్లనే. పైన వానో ఎండో తెల్వకపోయేది" అన్నాడు. నా అనుభవం సగం అక్కడే మునిగింది.

ఇక మిగిలింది చివరి ఉదయం ఒక్కటే. అలారం మోగింది. కళ్లు తెరిస్తే చిమ్మచీకటి. గడియారమే తప్పని తీర్మానించి, దాని నోరు నొక్కి, ముసుగు తన్నాను (కిటికీ లేని గదికి తెల్లవారేదెప్పుడు?). తలుపు చప్పుడుకు లేచి చూస్తే ఎదురుగా బాపు. జుట్టంతా గాలికి రేగి, ముఖం తోమిన ఇత్తడి చెంబులా మెరుస్తోంది. మొదటి షిఫ్టు మనిషికి తెల్లవారిందని వెలుతురు చెప్పాలా?

"వాన తెరిపిచ్చింది. పొద్దు పొడిసింది. మస్తుగున్నదిరా!"

"నన్ను లేపకపోతివేంది బాపూ?"

"లోకమంత తిరిగినోనివి. నువ్వు సూడని పొద్దా అనుకున్న."

బాపు కర్ర ఇప్పుడు నా దగ్గరుంది. ఎక్కడ దిగినా కిటికీ ఉన్న గదే అడుగుతాను, పడుకునే ముందు ఓసారి పైకప్పు తట్టి చూస్తాను (పైగదివాళ్లు పరేషాన్ అవుతుంటారు). సముద్రం మీద పొద్దుపొడుపు ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే మాత్రం బాపు ముఖాన్నే వర్ణిస్తాను. నేను చూసింది అదే కదా.