మోకాలి నొప్పికి తాగిన పొడి

ఆ రోజు పొద్దున నేను నడుపుతున్న బస్సులో నా వెనక సీట్లో కూర్చున్న నేపాలీ మేస్త్రీ అద్దంలో నా ముఖం చూసి, కళ్ళు పచ్చగా ఉన్నాయని హిందీలో చెప్పాడు. నిద్ర చాల్లేదులే అన్నాను. అప్పటికి వారం రోజులుగా అన్నం వాసన పడటం లేదు. మూత్రం డికాక్షన్ రంగులో వస్తోంది. ఖతర్ ఎండల్లో పనిచేసేవాళ్ళం ఏమొచ్చినా వేడి చేసిందనుకుంటాం. నేనూ అంతే, నీళ్ళు ఇంకొంచెం ఎక్కువ తాగాను.

నాది జగిత్యాల జిల్లా. అల్ ఖోర్ దగ్గర క్యాంప్‌లో ఉంటూ పనివాళ్ళను సైట్‌కు చేర్చే కంపెనీ బస్సు నడుపుతాను. ఆ మధ్యాహ్నం బస్సు దిగబోతే కాళ్ళు తూలాయి. క్లినిక్‌లో రక్తం చూసి, నేరుగా పెద్దాసుపత్రికి పంపారు. కామెర్లను చూపే బిలిరుబిన్ ఎక్కువ, లివర్ దెబ్బతింటే పెరిగే ఏఎల్‌టీ ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఎక్కువ. హెపటైటిస్ టెస్టులన్నీ నెగటివ్. స్కానింగ్‌లో పిత్తాశయంలో రాళ్ళేవీ కనబడలేదు. తాగుడు అలవాటు లేదంటే క్యాంప్‌లో ఒక్కరూ నమ్మలేదు.

నన్ను చూసే డాక్టరమ్మది లక్నో. నాతో హిందీలోనే మాట్లాడేది. గోళీలు గానీ, పొడులు గానీ, కషాయాలు గానీ ఏమైనా వాడుతున్నావా అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ లేదన్నాను.

అది అబద్ధం. రోజంతా క్లచ్ తొక్కి నా ఎడమ మోకాలు వాచేది. నాతోపాటు గదిలో ఉండే గంగన్నకు నడుము నొప్పి. ఆయన సెలవుకు వెళ్ళినప్పుడు ఊళ్ళో ఎవరి దగ్గరో ఒక పొడి కొని తెచ్చాడు. డబ్బా మీద పేరు లేదు, కాగితం లేదు. నాలుగు నెలలుగా ఇద్దరం రోజూ వేడినీళ్ళలో కలుపుకుని తాగుతున్నాం. నొప్పి మూడు రోజుల్లోనే పోయింది. చెట్ల మందు కదా, అది మందుల లెక్కలోకి రాదనుకున్నాను. పేరు లేని పొడి తెచ్చాడని గంగన్నకు చిక్కులొస్తాయేమోనన్న భయం కూడా ఉంది.

పది రోజులకు అంకెలు దిగి, డిశ్చార్జ్ చేశారు. క్యాంప్‌కు వచ్చిన నాలుగో రోజున మోకాలు మళ్ళీ పట్టేసింది. మళ్ళీ ఆ డబ్బా మూత తీశాను. రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ దానికీ కామెర్లకూ సంబంధం ఉంటుందని అప్పుడు తోచలేదు.

రెండు వారాలు తిరక్కుండానే ఒళ్ళంతా దురద, వాంతులు. మళ్ళీ అదే ఆసుపత్రిలో చేర్చారు. ఈసారి బిలిరుబిన్ మొదటిసారి కంటే పైకి పోయింది. ఐఎన్‌ఆర్ కూడా పెరుగుతోందన్నారు, అంటే రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతోందని. నర్సు పూటపూటకూ వచ్చి నా పేరు, ఆ రోజు ఏ వారమో అడిగేది. లివర్ మరీ పాడైతే ముందు మతి తప్పుతుందట. ట్రాన్స్‌ప్లాంట్ అనే మాట అప్పుడే విన్నాను. మా ఆవిడ లావణ్య ఫోన్‌లో ఏడుస్తూ, ఇంటికి వచ్చేస్తే కామెర్లకు పసరు పోయిస్తానంది.

ఆ సాయంత్రం డాక్టరమ్మ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. మందులు, మూలికల వల్ల లివర్ దెబ్బతిన్నవాళ్ళ మీద తాము రీసెర్చ్ చేస్తున్నామని, క్యాంప్‌కు వెళ్ళగానే నాకు మళ్ళీ తిరగబెట్టడం చూస్తే అనుమానంగా ఉందని చెప్పింది. తర్వాత ఆమె అన్న మాట నాకింకా గుర్తుంది.

"నేను నిన్ను పట్టించడానికి అడగడం లేదు. నీ లివర్‌ను ఏది పాడుచేస్తోందో తెలియకపోతే దాన్ని ఎలా ఆపను?"

అంతా చెప్పేశాను. మరునాడు గంగన్న డ్యూటీకి సెలవు పెట్టి డబ్బాతో వచ్చాడు. నా కళ్ళు చూసి, డబ్బాను మంచం పక్క బల్ల మీద పెట్టాడు.

"నీకు మంచిగైతదని ఇచ్చిన తమ్మీ. గిట్లయితదని తెల్వకపాయె."

"నువ్వు తాగింది గూడ గదే గదన్నా. ముందు నీ రక్తం సూపిచ్చుకో," అన్నాను.

డాక్టరమ్మ కూడా అదే చెప్పింది. ఆయన కళ్ళు తెల్లగానే ఉన్నా, ఏఎల్‌టీ మాత్రం పెరిగే ఉంది. ఒకే డబ్బాలోది తాగిన ఇద్దరిలో ఒకరికి ప్రాణం మీదికి రావడం, ఇంకొకరికి ఇంతతో ఆగడం ఎందుకో తెలుసుకోవడమే తమ రీసెర్చ్‌లో పెద్ద ప్రశ్న అంది. ఇద్దరి రక్తం, ఆ పొడి కావాలని అడిగింది. హిందీలో ఉన్న కాగితం చదివి వినిపించింది. పేర్లు బయటికి పోవు, నంబర్లే ఉంటాయి. వద్దనుకుంటే ఎప్పుడైనా మానుకోవచ్చు, వైద్యం ఆగదు. ఇద్దరం సంతకం పెట్టాం.

పొడి మానేసినా వారం రోజులు అంకెలు కదల్లేదు. ఆ వారమే అన్నిటికంటే కష్టంగా గడిచింది. ఎనిమిదో రోజు ఆమె రిపోర్ట్‌తో వచ్చి, "కొంచెమే, కానీ కిందికి దిగింది" అంది. ఐఎన్‌ఆర్ సర్దుకున్నాక బయాప్సీ చేశారు, అంటే సూదితో లివర్ నుంచి చిన్న ముక్క తీసి చూడటం. కుడి పక్కటెముకల దగ్గర మత్తిచ్చి, ఊపిరి బిగబట్టమన్నారు. టక్కుమని ఒక చప్పుడు, అంతే. తర్వాత గంటల తరబడి కదలకుండా పడుకోవడమే విసుగు. లివర్‌లో గట్టిపడిన మచ్చలేవీ లేవని, తనంతట తానే కోలుకుంటుందని చెప్పారు.

పొడిలో వేర్లతోపాటు నొప్పి గోళీల మందు కూడా కలిపి ఉందని ల్యాబ్‌లో తేలింది. ఏది ఎంత దెబ్బతీసిందో వాళ్ళింకా చూస్తూనే ఉన్నారు. పసరు వద్దని నేను చెబితే లావణ్య వినలేదు గానీ, డాక్టరమ్మ ఫోన్‌లో చెప్పాక ఒప్పుకుంది.

ఇది జరిగి ఏడాది దాటింది. నా లివర్ ఫంక్షన్ టెస్టులు, గంగన్నవి కూడా, నార్మల్. మోకాలికి ఫిజియోథెరపీలో నేర్పిన వ్యాయామాలు చేస్తున్నాను, నొప్పి సగం తగ్గింది. మళ్ళీ బస్సు నడుపుతున్నాను. సెలవు నుంచి వచ్చేవాళ్ళను గంగన్న ఏం పొడులు తెచ్చారని అడిగి, వాటితో సహా క్లినిక్‌కు పంపిస్తున్నాడు.

నేను చెప్పేది ఒక్కటే. ఏమైనా వాడుతున్నారా అని డాక్టర్ అడిగితే, మీరు మందు అనుకోనివి కూడా చెప్పండి. పేరు తెలియకపోతే డబ్బానే తీసుకెళ్ళి బల్ల మీద పెట్టండి. నేను మొదటి రోజే ఆ పని చేసి ఉంటే రెండోసారి ఆసుపత్రిలో పడేవాణ్ణి కాదు.