మూత తీసి చూసే అత్త

మా వీధి చివరింటి అత్త కోయంబత్తూరులో ఒక ఆస్పత్రిలో ఆయాగా పనిచేసి రిటైరైంది. రోజూ అమ్మకి ఇన్సులిన్ వేయడానికి వచ్చేది. రాగానే అన్నం గిన్నె మూత తీసేది. "ముందు కూడు చూపించు, కన్నూ. అప్పుడే ఊసి." సూదిమందుని తమిళంలో ఊసి అనేది.

ఒకరోజు ఎసరు ఇంకా మరగలేదు.

"ఎంతసేపు వదినా, ఉడికిపోతుంది, వేసేయి," అంది అమ్మ.

అత్త సూదిని డబ్బాలో పెట్టేసి గడప మీద కూర్చుంది.

"మా ఆయనకి ఇట్లే వేస్తిని, కన్నూ. అంతలో గ్యాస్ అయిపాయె. పక్కింట్లో కూడు అడిగి తెచ్చేలోపల షుగర్ దిగిపోయి మనిషి పడిపాయె. మళ్ళా లేవలా."

అమ్మ పొయ్యి మంట పెంచింది.

ఇప్పుడు నాకూ ఇన్సులిన్ మొదలైంది. అన్నం కంచంలో పడ్డాకే సూది తీస్తాను. చల్లారిపోతోందని మా ఆవిడ విసుక్కుంటుంది. ఆమె అత్తని చూడలేదు.