గీలన్ పబ్బుకు రెండున్నర మైళ్ళు

డ్రంకీల్ ఊళ్ళో తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతె సైకిలుతో ఒక పబ్బును కూలగొట్టింది. మూడు గదుల రాతి కట్టడం, పైన పలకల కప్పు, లోపల నలభై మంది తాగుబోతులు. ఒక్క దెబ్బకు నేలమట్టం!

సరే, ఒక్క దెబ్బకు కాదు. గోడలు ఆ తరవాత ఇంకో ఆరేళ్ళు నిలిచే ఉన్నాయి. సైకిలు కూడా ఆ పిల్లది కాదు, కాన్వెంటులో సిస్టర్ అట్రాక్టాది. పిల్ల దాన్ని ఎక్కను కూడా లేదు, పక్కన పట్టుకుని నడిపించుకుంటూ పోయిందంతే. తాగుబోతుల సంఖ్య మాత్రం తగ్గించేది లేదు. పబ్బు పోయింది, అది తనవల్లే పోయిందని ఆ పిల్ల అరవై మూడేళ్ళుగా నమ్ముతూ వచ్చింది.

ఆ పిల్లే ఇప్పుడు డెబ్బై రెండేళ్ళ డీలియా గీలన్. గీలన్ అన్న ఇంటిపేరు పెళ్ళితో వచ్చింది. పోయిన పబ్బు బార్ట్లీ గీలన్‌ది. బార్ట్లీ కొడుకు మలాకీ ఆమె మొగుడు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఆ రోజుల్లో ఆదివారం పూట పల్లెటూరి పబ్బులో ఆ ఊరివాళ్ళకు చుక్క పోయకూడదు. కానీ దారినపోయే బాటసారి దప్పికతో ప్రాణం విడుస్తాడేమోనని చట్టానికి జాలి. మూడు మైళ్ళకు తగ్గకుండా ప్రయాణం చేసి వచ్చినవాడు బాటసారి కింద లెక్క. అందుకని డ్రంకీల్ మగాళ్ళంతా చర్చిలో పూజ ముగియగానే మోకాళ్ళ దుమ్ము దులుపుకుని, పక్క ఊరు గోర్టీన్ మలుపులో ఉన్న గీలన్ పబ్బుకు బాటసారులై బయలుదేరేవాళ్ళు. సరిగ్గా అదే వేళకు గోర్టీన్ మగాళ్ళు డ్రంకీల్ పబ్బుకు బాటసారులై వచ్చేవాళ్ళు. దారి మధ్యలో రెండు గుంపులూ ఎదురుపడి, టోపీలు ఎత్తి పలకరించుకుని, ఎవరి దప్పిక వాళ్ళు మోసుకుంటూ సాగిపోయేవి. గీలన్ గుమ్మం పక్కనే ‘3’ అని చెక్కిన మైలురాయి ఉండేది. అంతకు మించిన సాక్ష్యం ఎవరూ అడగలేదు.

పంతొమ్మిదివందల యాభై మూడో సంవత్సరం వసంతకాలం దాకా ఎవరూ అడగలేదు. అప్పుడు పోలీసు సార్జెంటు ఒక ఆదివారం వచ్చి, ఈ పబ్బుకు మూడు మైళ్ళు లేవన్నాడు. కోర్టులో బార్ట్లీ టోపీ చేతుల్లో నలుపుకుంటూ నిలబడ్డాడే తప్ప ఒక్క మాట మాట్లాడలేదు. లైసెన్సు పోయింది. తన దుకాణంలో తాగినవాళ్ళ పొలాల్లోనే కాలవలు తవ్వుతూ ఎనిమిదేళ్ళు బతికి, బార్ట్లీ కన్నుమూశాడు.

“ఎవడో రోడ్డు కొలిచాడు. కొలిచి పోలీసులకు ఉప్పందించాడు,” అన్నది ఊరు.

ఆ దేశంలో ఉప్పందించడం కన్నా పెద్ద పాపం లేదు. హంతకుడి శవపేటిక మోయడానికైనా నలుగురు దొరుకుతారు, ఉప్పందించినవాడి పేటికకు ఒక్క భుజం దొరకదు. మలాకీ ప్రతి శుక్రవారం చేప ముళ్ళు తీసుకుంటూ ఆ తెలియని మనిషిని తలుచుకునేవాడు. “ఆ కొలిచినవాణ్ణి ఒక్కసారి నాకు చూపించండి. వాడి కాళ్ళు విరిచి పొయ్యిలో పెట్టకపోతే నన్నడగండి,” అనేవాడు. డీలియా బంగాళాదుంపల గిన్నె ముందుకు జరిపి, “చల్లారిపోతున్నాయి, తిను,” అనేది. నలభై తొమ్మిదేళ్ళ కాపురంలో అలాంటి శుక్రవారాలు ఎన్నో.

జరిగిందేమిటంటే, ఆ వసంతంలో సిస్టర్ అట్రాక్టా మూడో తరగతి పిల్లలకు ఒక పని పెట్టింది. ఏదైనా కొలిచి నోటుపుస్తకంలో రాయమంది. మిగతా పిల్లలు బల్లలూ తలుపులూ కొలిచారు. డీలియా మాత్రం సిస్టర్ సైకిలు అడిగి తీసుకుంది. చక్రానికి ఎర్ర గుడ్డపీలిక కట్టి, చర్చి గేటు నుంచి మైలురాయి దాకా నడిపిస్తూ, పీలిక ఎన్నిసార్లు పైకి వచ్చిందో లెక్కపెట్టింది. రెండువేల రెండువందల తొంభై చుట్లు. మైలుకు ఎన్ని గజాలో తాతనడిగి, గుణించి, భాగించి, గుండ్రటి అక్షరాలతో రాసింది: “చర్చి నుంచి గీలన్ పబ్బుకు రెండున్నర మైళ్ళు. రాయి అబద్ధం చెబుతోంది.” అంచున మరియతల్లి బొమ్మ కూడా వేసింది. సిస్టర్ బంగారు నక్షత్రం అంటించి, పుస్తకాన్ని అతిథుల గది గోడకు తగిలించింది. వారం తిరక్కుండానే సార్జెంటు తన కూతుర్ని బడిలో చేర్పించడానికి వచ్చి, ఆ గదిలో, ఆ గోడకు ఎదురుగా, అరగంట కూర్చున్నాడు.

ఆ సంగతి డీలియా ఎవరికీ చెప్పలేదు. పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఫాదరుకు కూడా, “ఒక లెక్క చేశాను ఫాదర్,” అని మాత్రమే చెప్పింది. లెక్క పాపం కాదు పొమ్మన్నాడాయన.

ఈ ఏడు మార్చిలో జిల్లా గ్రంథాలయం నుంచి ఓర్లా అనే అమ్మాయి వచ్చింది. పోయిన గీలన్ పబ్బు గురించి తెలిసినవాళ్ళ జ్ఞాపకాలన్నీ పోగుచేసి చిన్న పుస్తకం వేస్తారట. గోర్టీన్ మలుపులో ఒక ఫలకం కూడా పెడతారట. అది ఎందుకు మూతపడిందో తేల్చాలని ఆ పిల్లకు మహా పట్టుదల.

డీలియా కోటు తొడుక్కుని, “ఇళ్ళు నేను చూపిస్తా పద అమ్మాయ్. ఇక్కడి కుక్కలు మంచివి కావు,” అంది. ఎవరి నోట ఏ మాట వచ్చినా ముందు తన చెవిన పడాలని ఆమె ఆత్రం.

మొదట టెస్సీ కిల్‌బ్రైడ్ ఇంటికి వెళ్ళారు. టెస్సీకి తొంభై ఒకటి. మనిషి మంచం మీద, నాలుక మాత్రం కాళ్ళ మీద.

“గీలన్ పబ్బా? ఆకుపచ్చ తలుపు. మా ఆయన దాన్ని తలతోనే తెరిచేవాడు. అది మూతపడ్డ ఆదివారం ఆయన ఇంట్లో కూర్చుని నా మొహం చూశాడు చూడూ... పెళ్ళయిన పదేళ్ళకు అదే మొదటిసారి. భయపడిపోయాడు పాపం.”

“తలుపు ఎరుపు కదే టెస్సీ?” అంది డీలియా, మాట మళ్ళించడానికి.

“ఎరుపు నీ మొహం. ఇప్పుడెందుకే అంత ఎర్రగా ఉన్నావు?”

“దారి ఎక్కువైందిలే.”

“దారి సంగతి నువ్వు చెప్పాలమ్మా. చిన్నప్పుడు ఆ సిస్టర్ సైకిలేసుకుని రోడ్డంతా తిరిగేదానివి కాదూ?”

ఓర్లా పెన్ను ఆగింది. “నాకు సైకిలు తొక్కడం రాదు,” అంది డీలియా. అది నిజమే, ఇప్పటికీ రాదు. వెంటనే లేచి, టెస్సీ దిండు సర్దే వంకన ఆ దిండును సగం టెస్సీ నోటికి అడ్డం పెట్టింది.

తరవాత గాడిదలు పెంచే జో కోనాటీ దగ్గరకు వెళ్ళారు. పబ్బుకు తలుపే లేదన్నాడు జో, ఎప్పుడూ తెరిచే ఉంటే తలుపెందుకని అడిగాడు. “పబ్బు పోయాక మా నాన్న ఆదివారాలు ఏం చెయ్యాలో తెలీక దేవుణ్ణి నమ్మడం మొదలెట్టాడు. ఇల్లు నరకమైపోయింది. ఆ కొలిచినవాడెవడోగానీ... నీకేమన్నా తెలుసా డీలియా? మీ మలాకీకి తెలిసే ఉంటుంది.”

“తెలిస్తే ఆ కొలిచినవాడు ఇంకా బతికుండేవాడా?” అంది డీలియా.

తిరుగుదారిలో ఓర్లా హుషారుగా, “నాకు దిగుల్లేదు డీలియా గారూ. కాన్వెంటు మూసేశారు కదా, వాళ్ళ పెట్టెలన్నీ మాకే వచ్చాయి. యాభై మూడో సంవత్సరం పిల్లల నోటుపుస్తకాలు కట్టలుగా ఉన్నాయి. అప్పటి సంగతులు పిల్లలే బాగా రాస్తారు. గురువారం మీ ఇంటికి తెస్తాను, మలాకీ గారితో కలిసి చూద్దాం,” అంది.

అది సోమవారం. మంగళవారం డీలియా చేసిన రొట్టెలో సోడా పడలేదు. మలాకీ దాన్ని బల్ల మీద తట్టి చూశాడు. “ఏమే, ఇల్లు కట్టడానికా ఇది?” అన్నాడు. బుధవారం అతను బంగాళాదుంపల మడి తవ్వుతుంటే, చెప్పేద్దామని వెళ్ళి పక్కన నిలబడింది. “మలాకీ,” అంది. “ఊఁ?” అన్నాడు. “మబ్బు పట్టింది,” అంది. తిరిగి వస్తూ పెరటి గుమ్మం ముందున్న మెట్టురాయికి కాలు తగిలి తూలింది. నలభై ఏళ్ళుగా ఆ రాయి ఒక పక్కకు ఊగుతూనే ఉంది. దాన్ని తీసి సరిగా పరవమని ఎన్నిసార్లు అడిగినా మలాకీ ఒప్పుకోలేదు.

గురువారం పొద్దున పది గంటలకు ఓర్లా అట్టపెట్టెతో దిగింది. మలాకీ పొయ్యి పక్క కుర్చీలో కూర్చున్నాడు. డీలియా పోస్తున్న టీ కప్పులో కన్నా సాసరులో ఎక్కువ పడింది. నాలుగో పుస్తకం తీసిన ఓర్లా, “ఓ! డీలియా రూనీ, మూడో తరగతి. మీరేగా? అయ్యో, ఎంత ముద్దుగా...” అని చదవడం మొదలుపెట్టి, రెండో వాక్యం దగ్గర టక్కున ఆగిపోయింది.

మలాకీ చెయ్యి చాచాడు. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. పేజీ అంతా చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. పొయ్యిలో కట్టెల బదులు కాలుస్తున్న ఎండు మట్టిపెళ్ళ ఒకటి విరిగి కూలిన చప్పుడుకు డీలియా ఉలిక్కిపడింది.

“ఏ చక్రం?” అన్నాడు చివరికి.

“ఏంటీ?”

“సైకిలు చక్రమే. పెద్దదా, చిన్నదా?”

“సిస్టర్‌ది. ఇరవై ఎనిమిది అంగుళాలు,” అంది డీలియా.

మలాకీ ముప్పై ఏళ్ళు జిల్లా రోడ్ల మీద పనిచేసిన మనిషి. కొలత చక్రం తోసుకుంటూ తిరగని దారి ఆ చుట్టుపక్కల లేదు. పేపరు అంచున పెన్సిలుతో గీశాడు. కొట్టేశాడు. మళ్ళీ గీశాడు.

“ఆ చక్రం మైలుకు ఏడువందల ఇరవైసార్లు తిరుగుతుంది. నీ చుట్లకు మూడు మైళ్ళు దాటిపోయింది కదే. రెండున్నర ఎలా అయింది? మైలుకు ఎన్ని గజాలేశావు?”

“రెండువేల రెండువందల నలభై. తాత చెప్పాడు.”

మలాకీ పెన్సిలు కింద పెట్టాడు. “మీ తాతది పాత మైలు. మన ముత్తాతల నాటిది, పొడుగు మైలు. చట్టానిది పొట్టి మైలు, పదిహేడువందల అరవై గజాలే. పాత మైళ్ళలో రెండున్నర అంటే చట్టం మైళ్ళలో మూడుకు పైనే.”

“అంటే...” అంది ఓర్లా.

“అంటే పబ్బు తప్పేం లేదు. మా నాన్న ఆ లెక్క తప్పని ఒక్క మాటంటే చాలు, కోర్టు నవ్వి ఇంటికి పంపేసేది.”

డీలియాకు ఊరట కలగలేదు. తప్పు లెక్కతో ఒక మనిషిని కాలవలు తవ్వుకునే స్థితికి దించేసిందా తను? “మరి మీ నాన్న ఎందుకు అనలేదు మలాకీ? ఎందుకు నోరు మూసుకుని నిలబడ్డాడు?” అంది. దాదాపు ఏడుపే అది.

మలాకీ పెరటి గుమ్మం వైపు చూశాడు. తరవాత లేచి, గడ్డపార తెచ్చి, ఊగే మెట్టురాయిని పైకెత్తి తిరగేశాడు. బురద కారుతూ ఒక ‘3’ బయటపడింది.

“పోయే ముందు చెప్పాడు నాకు. ఆ రాయి మొదట్లో మా గుమ్మం దగ్గర లేదు. అర మైలు అవతల ఉండేదట. పబ్బుకు మూడు మైళ్ళు ఉండవేమోనని భయపడి, రెండో ప్రపంచయుద్ధం మొదలైన ఏడు గాడిదను కట్టి లాక్కొచ్చి గుమ్మం పక్కన పాతాడు. అది పాత మైళ్ళ రాయని ఆయనకూ తెలీదు. సార్జెంటు నోట రాయి మాట రాగానే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు తల దించేశాడు. ఆయన పోయాక నేనే దీన్ని ఇక్కడికి తెచ్చి బోర్లా వేశాను.” మలాకీ గడ్డపార గోడకు ఆనించాడు. “నేను అరవై ఏళ్ళు ఎందుకరిచాననుకున్నావు? నేను ఆ కొలిచినవాణ్ణి తిడుతున్నంతసేపూ రాయి సంగతి ఎవరూ అడగరని.”

ఓర్లా నోటుపుస్తకం మూసి, “ఫలకం మీద ఏం రాయమంటారు?” అని మెల్లగా అడిగింది.

“కప్పు కూలిందని రాయి తల్లీ,” అంది డీలియా. “కప్పు నిజంగానే కూలింది, తరవాతైనా.”

మలాకీ రాయిని మళ్ళీ బోర్లా వేశాడు. ఈసారి కింద ఇసుక పోసి ఊగకుండా పరిచాడు. ఆ రోజంతా డీలియా అతని వీపునే చూస్తూ గడిపింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మర్నాడు శుక్రవారం. చేప వడ్డించింది. మలాకీ ముళ్ళు తీసుకుంటున్నాడు. మొదటి ముక్క అయింది. రెండోదీ అయింది.

“ఆ కొలిచినవాడు...” అన్నాడు మలాకీ, పళ్ళెంలోంచి తల ఎత్తకుండా.

ఆమె ఫోర్కు ఆగిపోయింది.

“...దొరకనీ చెబుతా. కూర్చోబెట్టి ఎక్కాలు నేర్పిస్తా వెధవకి.”

డీలియా బంగాళాదుంపల గిన్నె ముందుకు జరిపింది. “చల్లారిపోతున్నాయి, తిను,” అంది.

ఓర్లా మాట నిలబెట్టుకుంది. ఫలకం మీద కప్పు కూలిందనే ఉంది. అయినా సంగతి ఎలాగో పొక్కింది. బహుశా దిండు కింద నుంచి టెస్సీ నాలుకే బయటపడి ఉంటుంది. మొన్న పూజయ్యాక చర్చి గేటు దగ్గర నలుగురూ డీలియాను చుట్టుముట్టి, ఇదంతా నిజమేనా అని అడిగారు. ఆమె చేతిసంచి చంకలో బిగించుకుంది.

“పచ్చి అబద్ధం. ఆ పిల్లను నేనెప్పుడూ చూడలేదు. నాకు లెక్కలు రావు, మా తాతకు మైలంటే ఏంటో తెలీదు, సిస్టర్ అట్రాక్టాకు సైకిలే లేదు. మా పెరట్లో మెట్టురాయి లేదు. గోర్టీన్ మలుపులో పబ్బన్నది ఏనాడూ లేదు. మీ నాన్నలందరూ ఆదివారాలు ఎక్కడికి పోయేవాళ్ళో వెళ్ళి మీ అమ్మల్ని అడగండి, నన్నడక్కండి.”