చిన్న తొట్టిలో అత్తమ్మ నడక

మా అత్తమ్మకు రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయి అప్పటికి ఎనిమిది నెలలు. కీళ్లు బాగానే ఉన్నాయి, భయమే పోలేదు అన్నాడు వరంగల్ డాక్టరు. వాకర్ వదిలితే పడిపోతానని ఆమె భయం. "నీళ్లలో నడిపించండి. నీళ్లు మనిషిని మోస్తాయి, ధైర్యం అదే వస్తుంది" అని ఆయనే చెప్పాడు.

అందుకే బాపట్ల దగ్గర సముద్రం ఒడ్డున ఒక రిసార్టులో మూడు రోజులకు గది తీసుకున్నాం. సముద్రం కోసం కాదు. అక్కడి స్విమ్మింగ్ పూల్ మెట్లకు పట్టుకోవడానికి స్టీలు కమ్మీ ఉందని ఫోటోలో చూసి తీసుకున్నాం.

తీరా వెళ్తే పూల్‌లో చుక్క నీళ్లు లేవు. టైల్స్ అన్నీ పెకలించి కుప్పపోశారు. సిమెంటు బస్తాలు, ఇసుక, సుత్తుల చప్పుడు.

"మెసేజ్ పెట్టామండీ, రిపేర్లు జరుగుతున్నాయి, ఇష్టమైతేనే రండి అని. మీరు సరేనన్నారు కదండీ" అన్నాడు కౌంటర్ దగ్గర అబ్బాయి, ఫోన్ చూపిస్తూ.

ఆ మెసేజ్ ఇంగ్లీషులో ఉంది. నాది మా నాన్న ఇంట్లో కూర్చోబెట్టి బైబిల్ మీద నేర్పిన తెలుగు చదువు. కింద నీలంగా పూల్ బొమ్మ కనిపించేసరికి, రమ్మని పిలుస్తున్నారనుకున్నాను. ఎవరు ఏం పంపినా చేతులు జోడించిన బొమ్మలు మూడు పెట్టి, దేవునికి స్తోత్రం అని రాయడం నాకు అలవాటు. ఇక్కడా అదే రాశాను.

"పూల్ పలగ్గొట్టినమంటే స్తోత్రం చెప్పినవా? మంచిగున్నది" అని మా ఆయన పగలబడి నవ్వాడు. అత్తమ్మ మాత్రం నవ్వలేదు.

సాయంత్రం సముద్రం దగ్గరికి తీసుకెళ్లాం. వాకర్ కాళ్లు ఇసుకలో దిగబడ్డాయి. ఒక్క అల వచ్చి పాదాల కింద ఇసుకను లాక్కుపోయేసరికి ఆమె కేక పెట్టింది. గదికి వచ్చి మంచం మీద కూర్చుంది.

"ఇగ నా బతుకు గీ ఇనుపదానితోనే బిడ్డా. నన్ను ఇంటికి తోల్కపోండ్రి."

ఆ పూట ప్రార్థనలో ఏమీ అడగలేకపోయాను. మెసేజ్ చదవకుండా చేతులు జోడించింది నేనే. ఇచ్చిన మోకాళ్లకు మాత్రం వందనాలు చెప్పి లేచాను.

మర్నాడు పొద్దున వరండాలో చాయ్ తాగుతుంటే కింద పూల్ దగ్గర మేస్త్రీ ఎవరినో కేకేస్తున్నాడు. "ఏడికి పోతానవే? జర ఆ సిమెంటు గమేలా ఇటియ్యి!"

అత్తమ్మ కప్పు కింద పెట్టింది. "వీడు మన దిక్కోడే." వాకర్ టకటకలాడించుకుంటూ గట్టు దాకా పోయింది. "ఏ ఊరు కొడుకా?"

"పరకాల అవ్వా. మీది?"

"వరంగల్. నేను వచ్చేటాల్లకే నా పూల్ పలగ్గొట్టిండ్రేందిరా?"

"నీదని తెల్వదవ్వా. తెలిస్తే ఆగుదుము."

ఆమెకు నవ్వు వచ్చింది. మోకాళ్ల కథంతా చెప్పింది. అతను పక్కనున్న పిల్లల తొట్టి చూపించాడు. దానికి కొత్త పూత అయిపోయిందట. కారుతుందో లేదో తెలియడానికి నీళ్లు నింపి, గోడ మీద గీత గీసి, ఒక రోజు కదపకుండా ఉంచుతారట.

"రేపు పొద్దుగాల గీత చూసుకున్నంక ఆ నీళ్లు ఇడిసిపెట్టుడే. దానికంటే ముందుగాల దిగు. ఫికర్ చెయ్యకు, జారకుంట గోనె సంచులు పరుస్త."

మర్నాడు గీత దగ్గరే నిలిచిన నీళ్లు చూసి అతను తలూపి, చెప్పినట్టే అడుగున గోనె సంచులు పరిచాడు. మోకాలు దాటి ఉన్నాయి నీళ్లు. అత్తమ్మ రెండు చేతులూ పట్టుకుని నేను వెనక్కి నడుస్తున్నాను. నాలుగడుగులు వేసిందో లేదో కసిరింది.

"నువ్వెందుకు వణుకుతానవ్? నువ్వు పడి నన్ను పడగొడ్తవ్. ఇడువు!"

వదిలాను. చేతులు రెండు పక్కలకు చాపి, చీర నీళ్ల మీద బుడగలా తేలుతుంటే ఆమె అవతలి గోడ దాకా పోయింది. తిరిగి వచ్చింది. మళ్లీ పోయింది.

కాసేపటికి మేస్త్రీ నాకు చెయ్యి ఊపి, పని ఆగుతోందని సైగ చేసి, తొట్టి నీళ్లు బయటికి పోయే పైపు మూత తీశాడు. నేను అత్తమ్మకు చెప్పలేదు. ఆమె చూపు ఎదురు గోడ మీదే ఉంది. నీళ్లు పిక్కల దాకా తగ్గాయి, మడమల దాకా తగ్గాయి. ఆమె నడుస్తూనే ఉంది. గోనె సంచులు చప్‌చప్‌మనేసరికి తల వంచి చూసుకుంది.

"నీళ్లేవిరా?"

"ఎప్పుడో పోయినయ్ అవ్వా" అన్నాడు మేస్త్రీ.

ఆమె నడిమధ్య ఆగిపోయింది. పట్టుకోవడానికి దగ్గర్లో గోడ కూడా లేదు. నేను ముందుకు అడుగు వేయబోతే అరచేయి చూపించి ఆపింది. వంగి చీర కుచ్చిళ్లు పిండుకుంది. తర్వాత తీరిగ్గా, ఎవరి తొందరా లేనట్టు, మిగిలిన అడుగులు వేసి మెట్టెక్కింది.