చేతులతో నడిపే కారు

మామిడికాయలు కోస్తూ నిచ్చెన మీంచి పడి నడుం కింద స్పర్శ పోయాక, మూడేళ్లు నేను కారు నడపలేదు. తోటకు వెళ్లాలన్నా ఎవరో ఒకర్ని బతిమాలుకోవాలి. ఆ బతిమాలడంతోనే సగం అలసిపోయేవాణ్ణి.

చివరికి నూజివీడులో ఒక మెకానిక్ నా పాత ఆటోమేటిక్ కారుకు స్టీరింగ్ పక్కన లీవర్ బిగించాడు. ముందుకు తోస్తే బ్రేకు, వెనక్కి లాగితే యాక్సిలరేటరు. రెండో రోజు మా వీధిలోనే కాస్త నడిపి ఆపగానే నా భార్య "ఏంటండీ ఆ రక్తం?" అని అరిచింది. లీవర్ నుంచి పెడళ్లకు దిగే కడ్డీ నా మోకాలిని ఒరుసుకుపోయింది. నాకు తెలియనే లేదు.

విషయం విన్న మెకానిక్ తువ్వాలుతో తన కాళ్లు రెండూ కలిపి కట్టుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ముసునూరు దాకా నడిపాడు. నొప్పి పెడుతున్నా కాళ్లు కదపలేదు. తిరిగొచ్చేసరికి అతని మోకాలూ కందిపోయింది.

"తప్పు నాదేనండీ. తగిలితే నేను కాలు పక్కకి జరుపుకుంటాను. మీరు జరుపుకోలేరని ఆలోచించలేదు" అన్నాడు.

కడ్డీ వంపు మార్చడానికి ఇంకో వారం పట్టింది. ఆ మార్పు ఆర్సీలోకి ఎక్కడానికి రవాణా ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాం.

కాగితం చేతికొచ్చిన రోజు చాట్రాయి దగ్గరి మా తోటకు నేనే నడిపాను. చేరేసరికి భుజాలు లాగేస్తున్నాయి. నా భార్య డిక్కీలోంచి చక్రాల కుర్చీ తీయబోయింది.

"ఇప్పుడే వద్దు. కాసేపు ఇలాగే ఉండనీ" అన్నాను.

ఆమె సరేనని డిక్కీ మూసేసింది. నేను సీటు వెనక్కి వాల్చుకుని, చెట్ల మధ్యే నిద్రపోయాను.